సినిమా గౌను గురించి రాసే అమ్మాయికి

అమ్మాయికి ఆశీస్సులు.

2015లో వచ్చిన ‘సిండరెల్లా’లోని నీలం బాల్ గౌను మీద నువ్వు పంపిన చిత్తుప్రతి చదివాను. మెరుపు గురించి అరపేజీ ఉంది, గౌను లోపల ఏముందో ఒక్క వాక్యం కూడా లేదు. ముందు నడుము బిగించే కార్సెట్, దాని కింద లంగాను ఉబ్బుగా నిలబెట్టే స్టీలు తీగల కేజ్, ఆ మీద కుచ్చుల పెటీకోట్లు, అన్నిటికీ పైన మనకు కనబడే గుడ్డ. రాసేటప్పుడూ ఇదే వరస పట్టుకో. పైగుడ్డతో మొదలుపెడితే చేతిలో విశేషణాలే మిగులుతాయి.

‘విక్టోరియన్ స్టైల్’ అన్న మాట కొట్టెయ్యి. విక్టోరియా రాణి 1837 నుంచి 1901 దాకా ఏలింది. 1840ల్లో లంగా ఉబ్బుగా నిలబడిందంటే గంజి పెట్టిన లోపలి లంగాల వల్ల, గుర్రపు వెంట్రుకలు కలిపి నేసిన బిరుసు గుడ్డ వల్ల. స్టీలు కేజ్‌కి పేటెంట్ వచ్చింది 1856లో. 1870లకల్లా ఆ ఉబ్బంతా వెనక్కి చేరి ‘బసిల్’ అనే ఆకారం అయింది. అందుకే దశాబ్దం చెప్పాలి. చిత్రకారుడు వింటర్‌హాల్టర్ 1855లో గీసిన ఫ్రాన్స్ మహారాణి యూజెనీ, ఆమె చెలికత్తెల చిత్రాన్ని ఆధారంగా చూపించావు, మంచి ఎంపికే. భుజాలు దిగిన మెడ, పొరలు పొరలుగా టుల్ అనే పలుచని వలగుడ్డ అన్నీ అందులో ఉన్నాయి. కానీ అది కేజ్ పేటెంట్‌కి ముందు ఏడాది బొమ్మ. అక్కడి ఉబ్బును కేజ్ ఖాతాలో వెయ్యకు. అదే చిత్రకారుడు 1865లో గీసిన ఆస్ట్రియా మహారాణి ఎలిజబెత్ చిత్రం పక్కన పెట్టుకో, పదేళ్లలో ఏం మారిందో తెలుస్తుంది.

ఈ గౌను రూపకర్త శాండీ పావెల్ పందొమ్మిదో శతాబ్దాన్ని యథాతథంగా దించలేదు. 1940లు, 50ల కళ్లతో ఆ శతాబ్దాన్ని చూశారు. సవతి తల్లి దుస్తుల్లో ఇది మరీ స్పష్టం. ‘చరిత్రకు నమ్మకంగా ఉంది’, ‘చరిత్రను తప్పింది’ అనే తీర్పులు రెండూ ఇక్కడ పనికిరావు. ఆకారం ఏ కాలానిది, గుడ్డ ఏ కాలానిది, కుట్టు ఏ కాలానిది అని మూడు ప్రశ్నలు విడివిడిగా వేసుకో. మూడింటికీ మూడు జవాబులు రావచ్చు.

కుట్టు సంగతి తేల్చాలంటే లెక్క కట్టాలి. సినిమాని నటి నిటారుగా నిలబడ్డ ఫ్రేమ్ దగ్గర ఆపి, ఆమె ఎత్తును కొలబద్దగా పెట్టుకుని లంగా కింది అంచు ఈ కొసనుంచి ఆ కొసకి ఎంత వెడల్పో అంచనా వెయ్యి. మాటవరసకి అది ఒకటిన్నర మీటర్లనుకో. 3.14తో గుణిస్తే చుట్టుకొలత దాదాపు 4.7 మీటర్లు. ఆ రోజుల్లో పట్టు పన్నా తక్కువ, 55 సెంటీమీటర్లనుకుంటే తొమ్మిది ముక్కలు కావాలి. ఇప్పటి 140 సెంటీమీటర్ల పన్నాలో నాలుగు చాలు. తెరమీద అతుకులు లెక్కపెట్టగలిగితే గుడ్డ ఏ కాలపుదో నీకే దొరుకుతుంది.

ఆ 4.7 మీటర్లను 65 సెంటీమీటర్ల నడుముకు తేవాలి, అంటే ఏడింతలు కుదించాలి. పరికిణీకి తీసినట్టు మామూలు కుచ్చులు తీస్తే నడుము దగ్గర ముద్దకడుతుంది. 1850ల దర్జీలు పై అంచు లోపలికి మడిచి, సమాన దూరంలో రెండు మూడు వరసల టాకాలు వేసి, దారాలు లాగి, ఒక్కొక్క మడతనీ విడిగా పట్టీకి కుట్టేవారు. అప్పుడు మడతలు కిందికి వాలకుండా ముందు బయటికి పొడుచుకొస్తాయి. ఒక వరస టాకాలు రెండో వరసకి సరిగ్గా ఎదురుగా పడకపోతే మడతలు వంకరపోతాయి. ఇంత పనిని ‘ఫ్రిల్స్’ అని సరిపెట్టొద్దు.

ఒక్కో గౌనుకి 270 గజాల గుడ్డ, పదివేలకు పైగా స్వరోవ్‌స్కీ రాళ్లు అని ప్రచారంలో చెప్పారు. ఆ అంకెలు దించేసి ఊరుకున్నావు, ఎందుకంత గుడ్డో చెప్పలేదు. డజనుకు పైగా పలుచని పొరలున్నాయి, రంగు కొద్దికొద్దిగా తేడాతో. మందపాటి సాటిన్ ఒకటే పొరైతే వెలుగు పైనే ఆగిపోతుంది, బరువుకి కేజ్ కుంగుతుంది, నాట్యంలో తిరిగినప్పుడు లంగా ఆలస్యంగా కదులుతుంది. పలుచని పొరలు ఒకదాని మీదొకటి జారుతుంటే నీలం కదిలినప్పుడల్లా మారుతుంది. నువ్వు మెచ్చుకున్న మెరుపులో సగం ఇదే, రాళ్లది మిగతా సగం.

నడుము విషయంలో తొందరపడకు. సినిమా వచ్చినప్పుడు నటి నడుము మరీ సన్నగా ఉందని పెద్ద గొడవే జరిగింది. కార్సెట్ బిగింపు నిజమే, కానీ పైన భుజాల వెడల్పు, కింద అంత పెద్ద ఘేరా ఉంటే మధ్యలో ఏ నడుమైనా సన్నగానే కనిపిస్తుంది. ఇది రాయకుండా కొలతలు ఊహించి రాయడం అన్యాయం.

నాట్యం సీను శబ్దం ఆపేసి, వెనకవైపు కనిపించే ఫ్రేములే వెతుకుతూ మళ్లీ చూడు. బాడీస్, అంటే గౌను పైభాగం, వెనక తాళ్లా, హుక్స్‌లా, మరుగున జిప్పా అన్నది తేలితే నీ చిత్తుప్రతి మూడో పేరాలో చేర్చు. తేలకపోతే ఆ ఊసు వదిలేసి, అతుకుల లెక్కతో కలిపి పంపు.