ఆ "కూడా" తీసెయ్యమ్మాయ్

అమ్మాయ్,

నువ్వు పంపిన వ్యాసం వచ్చిన రాత్రే చదివేశా. జవాబు రాయడానికి ఇన్ని రోజులెందుకంటే, చదువుతూ చదువుతూ మధ్యలో ఆపి ఆయన పాట పెట్టుకోవడం, పెట్టుకున్నాక ఇంక కాగితం వైపు చూడకపోవడం, ఇదే సరిపోయింది. బాలమురళీకృష్ణ గారి మీద రాస్తానని నువ్వు ఫోన్లో అన్నప్పుడే మీ అత్తతో అన్నా, ఈ పిల్ల కొండకి వెంట్రుక కట్టి లాగుతోందే అని. వస్తే కొండ, పోతే వెంట్రుక, లాగనీండి అంది.

సరే, విషయానికొస్తా. పెన్సిల్ పట్టుకుని లెక్కపెట్టా, ఏమనుకోకు. గానగంధర్వుడు మూడుసార్లు, సంగీత సముద్రం రెండుసార్లు, ప్రయోగం, ప్రయోగాత్మకం, ప్రయోగశీలి అన్నీ కలిపి పదకొండు. పదకొండుసార్లు ప్రయోగం అన్నావ్ గానీ ఆ ప్రయోగం ఏంటో ఒక్కసారైనా చెప్పలేదు తల్లీ. పెళ్ళి నించి వచ్చినవాణ్ణి భోజనాలెలా ఉన్నాయిరా అంటే బ్రహ్మాండం అంటాడు, ఏం వడ్డించారో మాత్రం చెప్పడు, అలా ఉంది.

మొదటి పేజీ మొత్తం పుట్టుక దగ్గరే ఉండిపోయావ్. 1930 జులై 6న శంకరగుప్తంలో పుట్టడం, వీణ వాయించే అమ్మగారు ఈయన పసిగుడ్డుగా ఉండగానే పోవడం, నాన్నగారి వేణువు, పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి దగ్గర శిష్యరికం, ఎనిమిదేళ్ళకి కచేరీ, ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతార్ గారు పేరు ముందు 'బాల' తగిలించడం... చూడు, నేనిప్పుడు రాసినట్టు ఊపిరాడకుండా ఒక్క వాక్యంలో రాసేసినా పర్లేదు, చదివేవాళ్ళలో సగంమందికి తెలిసిందే. నువ్వు ఒక్క ముక్కలో దాటేసిన చోట మాత్రం ఆగాలి. జనకరాగమంజరి. 72 మేళకర్తల్లోనూ, అంటే ఏడు స్వరాలూ ఉండే తల్లి రాగాలన్నిట్లోనూ, కృతులు కట్టేశాడు కుర్రతనంలోనే, 1952లో పుస్తకంగా వచ్చింది. ఆ 72లో నలభై వివాది మేళాలు, అంటే స్వరాలు మరీ దగ్గరపడి ఒకదానికొకటి పొసగనట్టుండేవి, చాలామంది విద్వాంసులు మనకెందుకొచ్చిన గొడవ అని పక్కన పెట్టేసినవి. ఏడు స్వరాలతో ఎన్ని ఇళ్ళు కట్టొచ్చో అన్నీ కట్టి, ప్రతి గదిలోనూ కాసేపు కూర్చుని చూసొచ్చాడన్నమాట. ఇది గుర్తు పెట్టుకో, ఎందుకంటే తర్వాత పేరు తెచ్చిపెట్టిన పని సరిగ్గా దీనికి తిరగేసింది, స్వరాలు ఒక్కోటీ తీసేసుకుంటూ రావడం.

రాగం అన్నాక కనీసం ఐదు స్వరాలుండాలి, అంతకంటే కిందికి దిగకూడదు అని పెద్దల మాట. ఈయన నాలుగుతో మహతి, లవంగి, సుముఖం అన్నాడు, మూడుతో సర్వశ్రీ, గణపతి అన్నాడు. నువ్వు ఈ పేర్లన్నీ కామాలు పెట్టి వరసగా రాసి "ఇలా ఎన్నో రాగాలు సృష్టించారు" అని వెళ్ళిపోయావ్. అలా వద్దు. ఒక్క లవంగి తీసుకో. ఫోన్లో శ్రుతిపెట్టె యాప్ ఉంటుందిగా, అందులో పంచమం బదులు మధ్యమం పెట్టుకో, ఈ రాగంలో పంచమం లేదు. మీ తమ్ముడి కీబోర్డ్ లాక్కుని స, శుద్ధ రి, శుద్ధ మ, శుద్ధ ద నొక్కి చూడు. తెల్లదైనా నల్లదైనా ఒక్కో మీట ఒక్కో మెట్టు అనుకో. స పక్క మెట్టే రి. రి నించి మ కి నాలుగు మెట్లు. మ నించి ద కి మూడు, ద నించి పై స కి మళ్ళీ నాలుగు. అంటే ఒక్కచోట మాత్రం రెండు స్వరాలు భుజాలు రాసుకుంటూ ఉంటాయి, మిగతాదంతా ఖాళీ. మామూలుగా మన సంగీతంలో స్వరం ఊగేది, అదే గమకం, పక్క స్వరాన్ని ఆసరా చేసుకునేగా, ఇక్కడ పిలిస్తే పలకడానికి పక్కింట్లో ఎవరూ లేరు. పాడేవాడు ఉన్న స్వరం మీదే వణక్కుండా నిలబడాలి, లేదా ఒక్క ఉదుటున దూకాలి. ఇప్పుడు ఆయన గొంతు గుర్తు తెచ్చుకో. మూడు స్థాయిలు తిరిగొచ్చినా చెమట పట్టని గొంతు, గమకాలు తక్కువమ్మా అని కొందరు సణిగిన గొంతు కూడా అదే. ఆ సణుగుడుకీ ఈ రాగానికీ సంబంధం ఉందని నాకనిపిస్తుంది, తన గొంతు ఎక్కడ హాయిగా నిలబడుతుందో చూసుకుని దానికి సరిపడా ఇల్లు కట్టుకున్నాడు అని. లవంగిలో ఆయన కట్టిన ఓంకారాకారిణి నాలుగుసార్లు విను. నీకు వేరేలా అనిపిస్తే అదే రాయి, నా మాట రాయక్కర్లేదు, కానీ విని రాయి.

మహతి సంగతి ఇంకా తమాషా. స, అంతర గ, ప, కైశికి ని. ఆ 'స'ని కీబోర్డ్ మీద 'సి' నోటు అనుకుని మీ తమ్ముణ్ణి నాలుగూ కలిపి నొక్కమను, ఇది సి సెవెన్త్ కార్డే కదక్కా అంటాడు. కరెక్టే. గిటార్ వాడు ఒక్క గీటుతో మోగించేదాన్ని ఈయన ఒక్కో స్వరంగా విడదీసి రాగం అన్నాడు. అందుకేనేమో సినిమావాళ్ళకి చప్పున అందింది, 1975లో కె.బాలచందర్ తీసిన అపూర్వ రాగంగళ్ లో ఎం.ఎస్.విశ్వనాథన్ మహతిలో పాట కట్టారు, జేసుదాసు పాడారు.

ఇంకో బాలచందర్ ఉన్నాడు, ఇద్దర్నీ కలిపెయ్యకు, వీణ ఎస్.బాలచందర్. రాగాలు సృష్టించడమేంటి అని బాలమురళి గారి మీద గట్టిగానే పోట్లాడారు. నువ్వా గొడవ అసలు ముట్టుకోలేదు, మర్యాద కాదనా? రాయమ్మాయ్. ఎవరూ అడ్డం రానిదానికి ప్రయోగం అన్న పేరెందుకు. రెండు వైపుల మాటా పెట్టు, నీకేమనిపించిందో కూడా పెట్టు. నన్నడిగితే మూడు స్వరాల రాగాలు పొడుపుకథ విప్పినట్టుంటాయి, ముచ్చటేస్తుంది, అంతే. లవంగి అలా కాదు, అది విన్న రాత్రి నాకు నిద్ర పట్టదు.

ఇప్పుడు అసలు గొడవకొద్దాం. నాలుగో పేజీలో ఒక వాక్యం రాశావ్, "ఆయన సినిమాల్లో కూడా పాడారు, సంగీతం కూడా అందించారు" అని. ఆ రెండు కూడాలూ తీసెయ్. తీసేస్తే వాక్యం కూలిపోతుంది, కూలనీ, అక్కడ రెండు పేజీలు రావాలి. కచేరీ బాలమురళి ఒకడు, సినిమా బాలమురళి ఇంకొకడు, రెండోవాడు ఖాళీ ఉన్నప్పుడు వెళ్ళొచ్చేవాడు అన్నట్టుంది నీ వరస.

మధ్యలో రేడియో ఉంది, దాన్ని వదిలేశావ్. విజయవాడ ఆకాశవాణిలో పనిచేశారాయన. భక్తిరంజని అంటే మా ఇంట్లో కాఫీ డికాషన్ దిగే టైము, గడియారం అక్కర్లేదు. రామదాసు కీర్తన, సదాశివ బ్రహ్మేంద్రుల పాట, ఏమి సేతురా లింగా లాంటి తత్వం, ఇవన్నీ పెద్ద గొంతేసుకుని పాడేవి కావు, పొద్దున్నే ఎవరింట్లోనో వంటగది గట్టు మీద ఉండే పెట్టెలోంచి రావాల్సినవి. మైకు ముందు ఎంత తగ్గించాలో అక్కడ తెలిసుంటుందని నా అనుమానం. నర్తనశాలలో బృహన్నల పాట, సలలిత రాగ సుధారస సారం, అది 1963. రామారావు గారు ఆడపిల్లకి నాట్యం నేర్పుతుంటే వినపడే గొంతు ఈయనది, అందులో కచేరీ దర్జా ఎక్కడా రాదు. అదే మనిషి 1967లో భక్త ప్రహ్లాదలో నారదుడి వేషం వేసి తనే పాడుకున్నాడు.

వీటన్నిటికంటే నాకిష్టమైంది తమిళంది, 1965లో వచ్చిన తిరువిళైయాడల్. కథ నీకు తెలియకపోవచ్చు. హేమనాథ భాగవతార్ అని ఒక గర్విష్ఠి విద్వాంసుడు పాండ్య రాజు సభకొచ్చి మీ ఊళ్ళో నాతో పాడేవాడెవడున్నాడు అని సవాలు విసురుతాడు. ఆ పాత్రకి టి.ఎస్.బాలయ్య. గొంతు బాలమురళి గారిది. పాటేమో ఒరు నాళ్ పోదుమా, నేను పాడటానికి ఒక్కరోజు సరిపోతుందా అని. రాగాల పేర్లు పాటలో వస్తుంటే ఆ రాగంలోకే వెళ్ళిపోతుంటాడు. తర్వాత శివుడు కట్టెలమ్మేవాడి వేషంలో వచ్చి అరుగు మీద కూర్చుని పాడితే అది విని ఈ భాగవతార్ రాత్రికి రాత్రి ఊరొదిలి పారిపోతాడు, శివుడి పాట టి.ఎం.సౌందర్‌రాజన్ పాడారు. అంటే చూడు, నిజంగా విద్వాంసుడైన మనిషి, సినిమాలో ఓడిపోయే విద్వాంసుడికి గొంతు అరువిచ్చాడు, ఇచ్చి ఆ గర్వాన్ని కూడా పాడాడు, స్వరం చివర కొంచెం మీసం మెలేసినట్టు. సంగీతం తప్పితే రాజు మెచ్చడు, గర్వం తప్పితే కథ నిలబడదు, రెండూ ఒక్క గొంతులో ఉండాలి. నీ వ్యాసంలో ఈ పాట పేరే లేదు.

దాని పక్కన 1979 గుప్పెడు మనసు పెట్టుకుని విను, ఆత్రేయ గారు రాస్తే ఈయన పాడిన మౌనమే నీ భాష. అక్కడ ఏమీ చూపించడు. సంగతులు, అంటే ఒకే పంక్తిని మార్చి మార్చి పాడే మెలికలు, వెయ్యగలిగినవాడు వెయ్యకుండా కూర్చున్నాడని తెలుస్తూ ఉంటుంది, ఆ తెలియడమే పాట. లవంగిలో స్వరాలు తీసేసిన మనిషేగా.

ఇక సంగీత దర్శకుడిగా. అవార్డుల లిస్టులో ఇరికించేశావ్ దీన్ని. 1975లో హంసగీతె అనే కన్నడ సినిమాకి గాయకుడిగా జాతీయ అవార్డు, 1986లో మధ్వాచార్యకి సంగీత దర్శకుడిగా జాతీయ అవార్డు, రెండూ జి.వి.అయ్యర్ సినిమాలే, చెప్పుల్లేకుండా తిరిగే ఆ అయ్యరే. మధ్యలో 1983లో ఆదిశంకరాచార్య, మన దేశంలో మొదటి సంస్కృత సినిమా, దానికీ ఈయనే. అక్కడ హీరో హీరోయిన్ల డ్యూయెట్ లేదు, శ్లోకం, మంత్రం, వాటి మధ్య నిశ్శబ్దం, అంతే సరుకు. మద్రాసులో అన్ని స్టూడియోలు, అంతమంది మ్యూజిక్ డైరెక్టర్లు ఉండగా అయ్యర్ ఈయన దగ్గరికే మళ్ళీ మళ్ళీ ఎందుకొచ్చాడో ఆలోచించి రాయి, నీ వ్యాసం అక్కడుంది. తెలుగాయన సంగీత దర్శకుడిగా తెచ్చుకున్న పేరు కన్నడం, సంస్కృతం వైపు నించి వచ్చింది, మన సినిమా ఆ పని పెద్దగా అడగలేదు. దీని మీద నాకు కోపముంది, నీకుండక్కర్లేదు. పద్మవిభూషణ్ (1991), ఫ్రాన్స్ వాళ్ళ షెవాలియర్ (2005) మాత్రం చివర్లో ఒక్క లైను చాలు.

విని రాయి, విని రాయి అని ఇన్నిసార్లు ఎందుకంటున్నానో చెప్తా, మీ అత్తకి కూడా పూర్తిగా తెలీదు. నీ వయసులో ఒక వారపత్రికకి కచేరీల సమీక్షలు రాసేవాణ్ణి. ఒకసారి ఓ పెద్దాయన కచేరీ, పేరొద్దులే, తొమ్మిదిన్నరకి ఆఖరి బస్సు, మృదంగం వాళ్ళు విడిగా వాయించే తని ఆవర్తనం మొదలవగానే చెప్పులు వెతుక్కుని లేచొచ్చేశా. ఆయనెప్పుడూ చివర్లో పాడే తిల్లానా ఒకటుంది, అది పాడకుండా ఉంటాడా అనుకుని "కదనకుతూహల తిల్లానాతో సభని ఉర్రూతలూగించారు" అని రాసి పంపేశా. అచ్చయింది. పదిరోజులకి మృదంగం వాయించినాయన దగ్గర్నించి పోస్టుకార్డు. "అయ్యా, ఆ రోజు మైకు పాడైనందున తిల్లానా పాడలేదు. మీరు విన్నది ఏ సభలోనో తెలియజేస్తే నేనూ వస్తాను." అంతే, రెండే లైన్లు. ఆ కార్డు ఇప్పటికీ నా డిక్షనరీలో ఉంది. నీ వ్యాసం మూడో పేజీలో "శ్రోతలు మంత్రముగ్ధులయ్యేవారు" అని చూడగానే ఆ కార్డే గుర్తొచ్చింది. ఏ శ్రోతలు, ఏ ఊరు? నువ్వు పుట్టకముందు కచేరీకి నువ్వెళ్ళలేదుగా. రికార్డింగులు ఉన్నాయి, నీ చెవులున్నాయి, వాటి గురించి రాయి.

రెండో డ్రాఫ్ట్ తొందరేం లేదు, దసరా తర్వాత పంపు. నా దగ్గర ఆయన తిల్లానాల క్యాసెట్ ఒకటుంది, బి సైడు మొదట్లో కొంచెం సాగిపోయింది, బృందావని రాగం తిల్లానా దగ్గరికొచ్చేసరికి సర్దుకుంటుంది. రేపు కొరియర్లో వేస్తా. మీ ఇంట్లో టేప్ రికార్డర్ ఇంకా పనిచేస్తోందో లేదో అమ్మనడిగి చెప్పు, లేకపోతే నాదే అట్టపెట్టెలో పెట్టి పంపిస్తా.

మీ మావయ్య