నెలకు మూడు వేలు లాటరీకి పోతున్నాయి, ఏం చేయాలి?

ప్రశ్న: చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో పని చేస్తున్నాను. జీతం 18,000. ఏడాదిగా వాట్సాప్‌లో మూడంకెల లాటరీ ఆడుతున్నాను. టికెట్ 30 రూపాయలు. కేరళ లాటరీ ఫలితంలో చివరి మూడంకెలు కలిస్తే 15,000 ఇస్తారు. నెలకు మూడు వేల దాకా పెడుతున్నా, ఒక్కసారే తగిలింది. ఇంటికీ దీనికీ కలిపి మూడు రూపాయల వడ్డీకి చేసిన అప్పు 60,000 ఉంది, వడ్డీ మాత్రమే కడుతున్నాను. ఇది మానేసి అసలైన కేరళ టికెట్లు తెప్పించుకుంటే మేలా? పెద్ద మొత్తం తగిలితే పన్ను ఎంత? నా భార్య తన నగలు పెట్టి అప్పు తీర్చమంటోంది.

జవాబు: ‘ఒక్కసారే తగిలింది’ అని రాశారు. మీ అదృష్టం బాగాలేదని మీ బాధ. కానీ లెక్క చూడండి. 000 నుంచి 999 వరకు వెయ్యి నంబర్లు. వెయ్యి టికెట్లు అమ్మితే నడిపేవాడికి 30,000 వస్తుంది, సగటున అతను ఇచ్చేది 15,000. మీరు ఏడాదిలో 36,000 పెట్టి 1,200 టికెట్లు కొన్నారు. వెయ్యికి ఒకటి తగిలే ఆటలో మీకు ఒకటి తగిలింది. అంటే జరగాల్సిందే జరిగింది. ఇంకా ఆడినా ఇదే జరుగుతుంది, ఎందుకంటే పెట్టిన దాంట్లో సగం పోయేలాగే ఆ ఆటను కట్టారు.

చాలా రోజులుగా రాని నంబరు ఇక వచ్చి తీరుతుందని చార్టులు రాసుకునేవాళ్ళను చూశాను. నిన్న ఏం వచ్చిందో ఇవాళ్టి డ్రాకు తెలియదు. ఏ రోజుకారోజు వెయ్యిలో ఒక వంతే. మీ పనిలోనే చూడండి, బ్లాకును పలకలుగా కోసేటప్పుడు బ్లేడు దిగిన ప్రతిచోటా కొంత రాయి పొడైపోతుంది. ఈ ఆటలో పెట్టే డబ్బూ అంతే. గెలిచిన 15,000 మళ్ళీ ఇందులోనే పెట్టి ఉంటే, దానికీ అదే కోత పడింది.

అసలైన టికెట్ల సంగతికి వస్తాను. కేరళ ప్రభుత్వం 1967లో లాటరీ మొదలుపెట్టింది. ఇలాంటి లాటరీల కోసం కేంద్రం 1998లో చట్టం చేసింది. టికెట్ మీద రాష్ట్ర ముద్ర ఉండాలి, డ్రా ఆ ప్రభుత్వమే తీయాలి, అమ్మిన డబ్బు ప్రభుత్వ ఖాతాకు చేరాలి, ఒకే అంకె మీద బహుమతి పెట్టకూడదు. వేరే రాష్ట్రాల లాటరీని తమ దగ్గర నిషేధించే అధికారాన్నీ రాష్ట్రాలకు ఆ చట్టమే ఇచ్చింది. తమిళనాడు 2003లో లాటరీలు ఆపేసింది, మన రాష్ట్రంలోనూ అమ్మకానికి అనుమతి లేదు. ప్రభుత్వం నడిపినా లాటరీ జూదమేనని సుప్రీంకోర్టు 1999లోనే చెప్పింది.

కేరళ లాటరీని కాగితం టికెట్ల మీదే అమ్ముతారు, ఆన్‌లైన్‌లో అమ్మరు. అసలు టికెట్ చేతిలో లేకుండా బహుమతి రాదు కాబట్టి ఫొటో పంపి ‘మీ టికెట్ మా దగ్గర భద్రం’ అనేవాళ్ళను నమ్మకండి. మీరు ఆడే మూడంకెల ఆటకైతే కేరళ ప్రభుత్వంతో ఏ సంబంధమూ లేదు. ఆ ఫలితాన్ని వాడుకుని ఎవరో నడుపుతున్న జూదం అది. రేపు డబ్బు ఎగ్గొడితే మీరు ఎవరినీ అడగలేరు. ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలను 2020లో మన రాష్ట్రం, 2025లో కేంద్రం చట్టాలు చేసి నిషేధించాయి.

పన్ను గెలిచిన మొత్తం మీద 30 శాతం, ఆ పన్ను మీద 4 శాతం సెస్సు. పది లక్షలు తగిలితే 3,12,000 పోతుంది. మీ జీతానికి పన్ను పడకపోయినా ఇది తప్పదు. తగలని టికెట్ల ఖర్చు అందులోంచి తీసేయనివ్వరు. టికెట్ మీద జీఎస్టీ కూడా 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం అయింది. అందుకే ఇది వదిలి అది పట్టుకోమని నేను చెప్పలేను.

ఇప్పుడు అప్పు. నెలకు 1,800 వడ్డీ కడుతున్నారు. ఆటకు పోయే మూడు వేలు కలిపి 4,800 కడితే 16 నెలల్లో అసలు కూడా తీరిపోతుంది. బ్యాంకులో నగల మీద అప్పు తీసుకుంటే వడ్డీ దాదాపు 80 పైసలే పడుతుంది, అదే 4,800తో పద్నాలుగు నెలల్లోపే బయటపడతారు, పన్నెండు వేలకు పైగా మిగులుతుంది. అయినా నగలు ఇప్పుడే వద్దు. మూడు నెలలు ఆడకుండా ఉండండి, ఆ తర్వాతే బ్యాంకుకు వెళ్ళండి. మీ భార్య బంగారం కాబట్టి అప్పు ఆమె పేరు మీదే ఉండాలి, రసీదు ఆమె దగ్గరే ఉండాలి. అప్పు తీరాక ఆ మూడు వేలను పోస్టాఫీసు ఆర్‌డీలో వేయండి. ఇప్పటి 6.7 శాతం వడ్డీతో అయిదేళ్ళకు సుమారు 2,14,000 అవుతుంది.

ఇవాళే ఆ గ్రూపులోంచి బయటికి రండి. జీతం పడిన రోజే 4,800 ఆమె చేతికివ్వండి. చేయి ఆగకపోతే సిగ్గుపడకుండా 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్, ఉచితం. అప్పిచ్చినాయనకు కట్టిన ప్రతిసారీ ప్రోనోటు వెనక చెల్లు రాయించండి, ఆఖరి రూపాయి కట్టిన రోజు ఆ నోటు వెనక్కి తీసుకోండి.