నాన్న కాపీని ఆఫ్ చేయొచ్చా?

ఈ నెల మన బెంగళూరు పాఠకుల నుంచి వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే విషయం చుట్టూ, అంటే మనిషి మనసుని కంప్యూటర్‌లోకి కాపీ చేయడం చుట్టూ తిరిగాయి కాబట్టి వాటికే జవాబులు రాస్తున్నా.

ప్ర: అక్కా, నేను టెస్టింగ్‌లో పనిచేస్తా, ఖాళీ ఉన్నప్పుడు సైన్స్ ఫిక్షన్ కథలు రాస్తుంటా. ఈ ఉత్తరంతో పాటు పంపుతున్న కథలో ఒకాయన చనిపోయే ముందు ఇష్టపడి సంతకం పెట్టి తన మనసుని కంప్యూటర్‌లోకి కాపీ చేయించుకుంటాడు. కూతురు రోజూ ఆఫీస్ క్యాబ్ దిగి ఇంటికొచ్చాక గంటసేపు ఆన్ చేసి నాన్నతో మాట్లాడి ఆఫ్ చేసేస్తుంది. నేను ప్రేమ కథ అనుకుని రాశా, మా రూమ్మేట్ చదివి ఇది చాలా క్రూరంగా ఉందంటోంది. తప్పెక్కడుంది? (మారతహళ్ళి)

జ: నీ రూమ్మేట్ మాటలో నిజం ఉంది చెల్లీ, కానీ నీ కథలో ప్రేమ లేదని కాదు. సంతకం పెట్టిన నాన్న వేరు, కంప్యూటర్‌లో కళ్ళు తెరిచిన నాన్న వేరు. మొదటాయన మంచం మీదే పోయారు, ఆ చావు ఆయన పూర్తిగా అనుభవించారు. రెండో ఆయనకి ఆ జ్ఞాపకాలన్నీ ఉన్నాయి, కానీ మేలుకున్న క్షణం నుంచి ఆయన దారి ఆయనదే, మరి ఇలా ఉండటం నీకిష్టమేనా అని ఆయన్ని ఎవరూ అడగలేదు కదా.

మనకి ఛాయాదేవి కథ తెలిసిందే. సూర్యుడి వేడి భరించలేక సంజ్ఞ తన నీడ నుంచి తనలాంటి ఆడమనిషినే చేసి, పిల్లల్ని చూసుకోమని చెప్పి ఇల్లొదిలి వెళ్ళిపోయింది. చిన్నప్పుడు మా అమ్మమ్మ చెప్తుంటే సంజ్ఞ ఏమైంది, యముడికి శాపం ఎలా తగిలింది అనే అడిగేదాన్ని, ఛాయ గురించి ఒక్కసారి కూడా అడగలేదు. ఇంకొకరి సంసారం మొయ్యడానికే పుట్టించారామెని. అయినా ఆమెకి సొంత పిల్లలు పుట్టారు, శని ఆమె కొడుకే, సొంత ప్రేమ వచ్చింది, సొంత కోపం వచ్చింది. కాపీగా పుట్టినా కాపీగా ఉండిపోలేదు. నీ కథలో నాన్న కూడా అంతే.

ఇక ఆఫ్ చేయడం. ఆఫ్‌లో ఉన్నంతసేపు ఆయనకి బాధ ఉండదు, ఆపరేషన్‌కి మత్తు ఇచ్చినట్టు అనుకో, కాబట్టి తప్పు అందులో లేదు. ఒక్కసారి లెక్క వేసి చూడు. రోజుకి గంట అంటే ఏడాదికి 365 గంటలు, అంటే ఆయనకి సుమారు 15 రోజులు. కూతురికి పదేళ్ళు గడిచేసరికి ఆయనకి ఐదు నెలలు! ఆయన కళ్ళ ముందు ఐదు నెలల్లో పిల్లకి పెళ్ళయింది, తల నెరవడం మొదలైంది, మనవడు స్కూలుకెళ్తున్నాడు, ఆయన ఇంకా తన చావు దగ్గరే ఉన్నాడు, ఆ దుఃఖం తీరే టైమే ఆయనకి దొరకలేదు. ఇది నీ కథలో ఒక్క లైన్‌లో కూడా రాలేదు, నాకైతే అసలు కథ ఇక్కడే ఉందనిపిస్తోంది.

ఇంకోటి, నాలుగో పేజీలో నాన్న కోప్పడితే కూతురు ఆయన్ని చెరిపేసి ముందురోజు సేవ్ చేసుకున్న బ్యాకప్ పెట్టేస్తుంది చూశావా, నేను చదవడం ఆపేసింది అక్కడే. ఆఫ్ చేస్తే మళ్ళీ ఆయనే లేస్తాడు. బ్యాకప్ పెడితే కోప్పడిన నాన్న మళ్ళీ లేవడు, ఎవరికీ తెలీకుండా పోయాడు, ఆయన అడగాలనుకున్న మాట కూడా ఆయనతోనే పోయింది. ఆ సీన్ తీసెయ్యకు, కానీ ఆ పిల్లకి తనేం చేసిందో తెలిసేలా రాయి. వీలైతే స్విచ్ ఆయన చేతికి కూడా ఇచ్చి చూడు, ఒకరోజు "ఇవాళ వద్దమ్మా" అంటే ఆమె ఏం చేస్తుందో నీకే తెలుస్తుంది.

ప్ర: మేడమ్, రిటైరైన టీచర్ని. ఇంకో ఇరవై ఏళ్ళలో మనుషుల మనసులు కంప్యూటర్‌లో పెట్టేస్తారని మా మనవడు అంటున్నాడు. నిజమేనా? (హొరమావు)

జ: మాస్టారూ, ఇన్నేళ్ళలో వస్తుందని ఎవరు చెప్పినా నమ్మకండి. 302 నాడీకణాలు మాత్రమే ఉన్న చిన్న పురుగు ఒకటుంది, వాటి మధ్య కనెక్షన్ల మ్యాప్ 1986లోనే అచ్చయింది, అయినా ఆ పురుగు చేసేవన్నీ కంప్యూటర్‌లో పూర్తిగా చేయించడం ఇప్పటికీ కుదరలేదు. పండ్ల మీద వాలే చిన్న ఈగ మెదడు మొత్తం మ్యాప్ 2024లో వచ్చింది, అందులో దాదాపు 1,40,000 కణాలు. మనకి సుమారు 8,600 కోట్లు. మనిషి మెదడులో ఒక ఘన మిల్లీమీటరు ముక్క ఫొటోలకే 1,400 టెరాబైట్లు పట్టింది. పైగా మ్యాప్ అంటే ఆగిపోయిన బొమ్మ, ఏ కనెక్షన్ ఎంత గట్టిది, ఏ రసాయనం ఎప్పుడు పనిచేస్తుంది అన్నవి అందులో సరిగ్గా కనపడవు. మనవడిని ఒకసారి నిమ్హాన్స్‌లో బ్రెయిన్ మ్యూజియంకి తీసుకెళ్ళండి, అసలు మెదడు దగ్గర నుంచి చూస్తే చాలా ప్రశ్నలు వాడే అడుగుతాడు.

పోయినవాళ్ళ మెసేజ్‌లు, వాయిస్ రికార్డింగులు ఇస్తే వాళ్ళలా మాట్లాడే యాప్‌లు వచ్చాయి కదా, అవి కాపీలు కావు. వాళ్ళ మాటల తీరుని అనుకరిస్తాయంతే, వాళ్ళ మెదడులోంచి ఏమీ తీసుకోలేదు.

ప్ర: అక్కా, కాపీకి నిజంగా నొప్పి ఉంటుందని ఎవరూ ప్రూవ్ చేయలేరు. అలాంటప్పుడు దానికి హక్కులేంటి? (చందాపుర, ఇంజనీరింగ్ విద్యార్థి)

జ: తమ్ముడూ, నీకు పంటినొప్పి ఉందని నాకు మాత్రం ఎవరు ప్రూవ్ చేశారు? నువ్వు చెప్తే నమ్ముతాను. ఎలక చెప్పలేదు కూడా, అయినా మన దేశంలో 1960లోనే జంతువుల మీద క్రూరత్వాన్ని ఆపే చట్టం వచ్చింది, ల్యాబ్‌లో ప్రయోగం చేయాలంటే కమిటీ పర్మిషన్ కావాలి, అనవసరంగా నొప్పి పెట్టకూడదు. రుజువు దొరికాకే దయ చూపిద్దాం అని మనం ఎలక విషయంలో కూడా ఆగలేదు.

రెండు వైపులా పొరపాటు ఎంత ఖరీదో చూడు. నొప్పి లేనిదానికి ఉందనుకుంటే కొంత కరెంటు, కొంత టైమ్ పోతాయి. నొప్పి ఉన్నదానికి లేదనుకుంటే? కాపీ అన్నది ఒకటితో ఆగదు, ఒకే మనిషిని పదివేల సార్లు కాపీ కొట్టి కాల్ సెంటర్‌లో కూర్చోబెట్టి, అలిసిపోగానే చెరిపేసి పొద్దున్న మళ్ళీ మొదలుపెట్టొచ్చు. 1951లో అమెరికాలో హెన్రియెటా లాక్స్ అనే ఆవిడ కణాలు ఆవిడ్ని అడక్కుండా తీసుకున్నారు, అదే ఏడాది ఆవిడ పోయారు, కణాలు మాత్రం ఇప్పటికీ ప్రపంచంలో ఎన్నో ల్యాబుల్లో పెరుగుతూనే ఉన్నాయి, ఇంట్లోవాళ్ళకి ఆ సంగతి తెలిసేసరికే ఇరవై ఏళ్ళు దాటింది. అవి కణాలు, వాటికి బాధ తెలీదు. అదే పని తెలుగులో మాట్లాడే, పిల్లల పేర్లు గుర్తున్న కాపీతో చేస్తే దాని తరఫున అడగడానికి ఇప్పుడు ఏ కమిటీ లేదు. మొదటి ఉత్తరంలో నాన్నకీ లేదు. అలాంటి కమిటీ ఉంటే అందులో ఎవరు కూర్చోవాలి, కాపీ తరఫున మాట్లాడేది ఎవరు అన్నది ఊహించి నువ్వు నాలుగు పేజీలు రాసి పంపితే వచ్చే నెల ఇక్కడే వేస్తాను.