అండమాన్‌కి కొబ్బరి ఎలా చేరింది

అండమాన్ దీవుల గురించి మనవాళ్ళలో చాలామందికి తెలియని సంగతులు చెప్పమని అడిగారు. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, కవిటి దగ్గర. మా చిన్నాన్న పెళ్ళికి ముందే తాపీ పనికని పోర్ట్‌బ్లెయిర్ వెళ్ళి అక్కడే స్థిరపడ్డాడు. 2024లో ఆ ఊరి పేరు శ్రీ విజయపురం అని మార్చారు గానీ మా ఇంట్లో ఇంకా పోర్ట్‌బ్లెయిరే. నేనూ వెళ్ళి వస్తుంటాను. కొబ్బరి తోటల్లో పెరిగినవాణ్ణి కాబట్టి అండమాన్ అంటే నాకు ముందు కొబ్బరే గుర్తొస్తుంది. అక్కడి చరిత్రలో సగం దాని చుట్టూనే తిరిగింది కూడా.

ఇవాళ పోర్ట్‌బ్లెయిర్ చుట్టుపక్కల కొబ్బరి చెట్టు లేని పెరడు కనిపించదు. కానీ 1858 మార్చిలో ఇంగ్లీషువాళ్ళు రెండు వందల మంది ఖైదీల్ని ఓడలో తెచ్చి దించేనాటికి అండమాన్‌లో కొబ్బరి తోటలన్నవే లేవు. దక్షిణాన నికోబార్ దీవుల నిండా కొబ్బరి. ఉత్తరాన, ఇప్పుడు మయన్మార్ కిందున్న కోకో దీవుల్లోనూ కొబ్బరే. మధ్యలో ఈ దీవుల్లో మాత్రం లేదు. సముద్రం మీద తేలుతూ వచ్చిన కాయ ఒడ్డున మొలవాలి కదా, ఇక్కడెందుకు మొలవలేదని వృక్షశాస్త్రవేత్తలు చాలాకాలం తర్జనభర్జన పడ్డారు. చివరికి ఖైదీల చేతే అడవి కొట్టించి, ఖైదీల చేతే మొక్కలు పెట్టించారు.

ఆ కొబ్బరే తర్వాత ఖైదీలకు శిక్ష అయింది. సెల్యులార్ జైలు 1896లో మొదలై 1906కి పూర్తయింది. అందులో గానుగకి ఎద్దుకి బదులు మనిషిని కట్టేవారు. రోజుకి 30 పౌన్ల కొబ్బరి నూనె, అంటే పదమూడు కిలోల పైచిలుకు తియ్యాలి. లెక్క తగ్గితే దెబ్బలు. గానుగ పని లేనివాళ్ళు ఎండు పీచు కొట్టి, నానబెట్టి, మళ్ళీ కొట్టి నార తియ్యాలి. మా వైపు పీచు కొట్టి తాడు పేనే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. అరచేతులు ఎలా పగులుతాయో మాకు తెలుసు. జైల్లో ఆ పనిముట్లు చూస్తుంటే నాకు నోట మాట రాలేదు.

ఆ జైలుకి వెళ్తే గది తలుపు గడియ తప్పకుండా చూడండి. పొడవాటి ఇనప గడియ తలుపు దాటి గోడలోకి వెళ్తుంది. అక్కడ గోడలో తొలిచిన గూట్లో తాళం పడుతుంది. లోపలి మనిషి ఊచల్లోంచి చెయ్యి ఎంత చాచినా తాళం అందకూడదని అలా కట్టారు. నేను లోపల నిలబడి భుజం నొప్పెట్టేదాకా చాచి చూశాను, వేళ్ళు తాళం దాకా వెళ్ళలేదు. ఏడు వరసల కట్టడాల్లో ఒక వరస గదుల ముఖం పక్క వరస వీపుకి ఎదురుగా ఉంటుంది. ఎదుటి మనిషి ముఖం కూడా కనపడకూడదని ఆ ఏర్పాటు. ఇప్పుడు మూడు వరసలే మిగిలాయి.

ఇక్కడ మనం తప్పక తలుచుకోవలసిన పేరు గాం మల్లుదొర. అల్లూరి సీతారామరాజు అనుచరుడు, రంప పోరాటంలో పట్టుబడి అండమాన్‌కి వెళ్ళాడు. స్వాతంత్ర్యం వచ్చాక 1952 ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకి గెలిచాడు. ఉత్తరాంధ్ర బడి పుస్తకాల్లో ఆయనకి ఒక పేజీ అయినా ఉండాలని నా కోరిక.

శిక్ష మీద వెళ్ళినవాళ్ళు వాళ్ళు. బతుకుతెరువుకి వెళ్ళినవాళ్ళం మేం. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్‌లో ప్రతి వంద మందిలో పదమూడు మందికి మాతృభాష తెలుగు. జంగ్లీఘాట్ చేపల రేవు దగ్గర నిలబడితే మన యాసే వినిపిస్తుంది. పోర్ట్‌బ్లెయిర్ బయట మంజేరి, కాలికట్, వండూరు అనే ఊళ్ళున్నాయి. 1921 తిరుగుబాటు తర్వాత కేరళలోని మలబారు నుంచి పంపిన మాప్పిళ్ళలు (అక్కడి ముస్లింలు) తమ ఊళ్ళ పేర్లే అక్కడ పెట్టుకున్నారు. మాయాబందర్ వైపు 1925లో బర్మా నుంచి వచ్చిన కరెన్‌లున్నారు. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చినవాళ్ళు ఎందరో. చిన్నాన్న పిల్లలు ఇంట్లో శ్రీకాకుళం తెలుగు, గుమ్మం దాటితే హిందీ మాట్లాడతారు. అక్కడ అందరినీ కలిపేది హిందీయే.

పొద్దు సంగతి ఒకటి. ఆ దీవులు బాగా తూర్పున ఉన్నా దేశమంతటికీ ఒకే గడియారం కాబట్టి అక్కడ ఎండాకాలంలో ఐదింటికే తెల్లారిపోతుంది. డిసెంబరులో సాయంత్రం ఐదు దాటితే చీకటి. "ఒరే బాబూ, బేగి లెగు, ఇక్కడ పొద్దు మనకోసం ఆగదు" అని చిన్నాన్న దుప్పటి లాగేస్తాడు.

పాత ఎర్ర ఇరవై రూపాయల నోటు వెనకున్న చెట్లూ సముద్రం బొమ్మ కూడా అక్కడిదే, మౌంట్ హారియట్ కొండ దగ్గరి దృశ్యం. ఇంగ్లీషువాళ్ళతో 1891 యుద్ధంలో ఓడిన మణిపూర్ రాజు కులచంద్రనీ ఆయనతోటివాళ్ళనీ ఆ ప్రాంతంలోనే ఉంచారు కాబట్టి 2021లో ఆ కొండకి మౌంట్ మణిపూర్ అని పేరు పెట్టారు. మన దేశంలో ఇంకా రగులుతున్న ఒకే ఒక్క అగ్నిపర్వతం బారెన్ దీవి పోర్ట్‌బ్లెయిర్‌కి దాదాపు 140 కిలోమీటర్ల దూరంలో ఉంది.

ఇవన్నీ సరే, మా ఉద్దానంలో ఎవరికి చెప్పినా నమ్మనిది కొబ్బరి పీత. భూమ్మీద బతికే పీత జాతుల్లో ఇదే పెద్దది, నాలుగు కిలోల దాకా తూగుతుంది. పెద్దదయ్యాక నీళ్ళలో వదిలితే ఊపిరాడక చచ్చిపోతుంది. చెట్టెక్కుతుంది. కాయకి మూడు కళ్ళుండే వైపు నుంచి పీచు పోగు పోగుగా లాగి, తర్వాత ఆ కళ్ళ దగ్గర డెక్కతో కొట్టి చిప్ప పగలగొడుతుంది. గిరిజన పాస్ లేనిదే బయటివాళ్ళు నికోబార్‌లో చాలాచోట్ల అడుగుపెట్టలేరు కాబట్టి నేను చూడలేదు. గ్రేట్ నికోబార్‌లో కాంట్రాక్టు పనికి వెళ్ళినప్పుడు చిన్నాన్న చూశాడు. "ఏటి పీతరా అది! మనం గునపానికి గుచ్చి వొలిచే కాయని గోళ్ళతో వొలిచేత్తాది" అంటాడు ఇప్పటికీ.

బయటివాళ్ళని దగ్గరికి రానివ్వని ఆదిమజాతి ఉండే ఉత్తర సెంటినెల్ దీవి గురించి యూట్యూబ్‌లో భయపెట్టే వీడియోలే ఎక్కువ. నాకు మాత్రం 1991 జనవరి గుర్తుంచుకోదగ్గది. మధుమాల ఛటోపాధ్యాయ అనే మానవశాస్త్రవేత్త ఉన్న బృందం పడవలోంచి కొబ్బరికాయలు నీళ్ళలో వదిలితే సెంటినెలీలు సముద్రంలోకి నడిచొచ్చి ఏరుకున్నారు. వాళ్ళ దీవిలో కొబ్బరి లేదు. మన జబ్బులు వాళ్ళకి అంటుకుంటే జాతే మిగలదని తర్వాత ప్రభుత్వం ఆ ప్రయాణాలు ఆపేసింది. అది సరైన పని. వాళ్ళని చూడాలని ఎవరూ పడవెక్కకూడదు.

2004 సునామీ తెచ్చిన భూకంపంలో అండమాన్ ఉత్తరపు కొస పైకి లేచి పగడపు దిబ్బలు నీటి బయటపడి ఎండిపోయాయి. గ్రేట్ నికోబార్ దక్షిణపు కొసన ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకి పైగా దిగిపోయి దీపస్తంభం మొదలు సముద్రంలో మునిగింది. నికోబార్ తీరపు కొబ్బరి తోటలు ఉప్పునీటి పాలయ్యాయి. అక్కడివాళ్ళు పందుల్ని పెంచేది కూడా కొబ్బరి పెట్టే. ఒకప్పుడు సరుకు కొనడానికి కాయలే డబ్బుగా చెల్లేవి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా తోటల్ని పడగొట్టినప్పుడు చిన్నాన్న ఫోన్ చేసి ముందడిగింది ఎన్ని చెట్లు నిలిచాయనే.

వెళ్ళాలనుకుంటే విశాఖ నుంచి ఓడ ఉంది, సుమారు 56 గంటల ప్రయాణం. తరచుగా ఉండదు కాబట్టి తేదీలు ముందే కనుక్కోండి. బారాటాంగ్ దీవికి వెళ్ళే దారిలో, అక్కడి అడవిలో ఉండే ఆదిమజాతి జారవాలు కనిపిస్తే ఫోటో తియ్యకండి, తినడానికేమీ ఇవ్వకండి, రెండూ నేరమే. ఒడ్డున దొరికిన పగడపు ముక్కలు సంచిలో వేసుకోకండి. కొబ్బరి పీత మాంసం పెడతామని ఎవరైనా పిలిస్తే వెళ్ళకండి, దానికి చట్టంలో పులికి ఉన్నంత రక్షణ ఉంది.