గోడ నిండా ఫోమ్ అంటించినా టీవీ సౌండ్ ఆగట్లేదు!

ప్రశ్న: మా బెడ్‌రూముకీ హాలుకీ మధ్య ఒకటే గోడండి, నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ. నాది నైట్ షిఫ్ట్, పగలు పడుకోవాలి, అవతల టీవీలో ప్రతి డైలాగూ వినిపిస్తుంది. ఫోమ్ షీట్లు తెచ్చి గోడ నిండా అంటించినా రవ్వంత తేడా లేదు. ఇంకా మందంది వేస్తే ఆగుతుందా?

జవాబు: వేయకండి, డబ్బులు దండగ. ఫోమ్ చేసే పని గదిలో పుట్టిన సౌండ్ అదే గదిలో గోడలకి కొట్టుకుని మోగకుండా చూడటం, అందుకే రికార్డింగ్ రూముల్లో పెడతారు. పక్క గది నుంచి వచ్చేదాన్ని ఆపాలంటే బరువు కావాలి, ఫోమ్‌కి బరువెక్కడిది? కోడిగుడ్ల ట్రేలు అంటించమని ఎవరో ఒకరు చెప్తారు, వాటి సంగతీ అంతే.

అసలు నాకు మీ గోడ మీద కంటే తలుపు మీదే అనుమానం. రెండు వైపులా ప్లాస్టరింగ్ ఉన్న ఇటుక గోడ 40 డెసిబెల్స్ పైనే ఆపుతుంది, దాన్ని దాటొచ్చే మాటలు గొణుగుడులా ఉంటాయి గానీ డైలాగులు అర్థం కావు. అదే ఆ గోడలో 1 శాతం సందు ఉందనుకోండి, మిగతా గోడ ఎంత గట్టిదైనా మొత్తం మీద ఆగేది 20 డెసిబెల్సే! కాబట్టి టీవీ పెట్టించి, తలుపు కింద సందులో దుప్పటి కుక్కి వినండి, తగ్గితే దొంగ దొరికినట్టే. తలుపు చుట్టూ రబ్బరు బీడింగ్, కింద డోర్ సీల్ వేయించండి. వెంటిలేటరూ, ఏసీ పైపు కన్నమూ, రెండు వైపులా వీపుకి వీపు ఆనించినట్టుండే స్విచ్ బోర్డు పెట్టెలూ కూడా చూడండి, వాటి గురించి ఎవరూ ఆలోచించరు.

ఇవన్నీ మూసినా చాలకపోతే అప్పుడు మీవైపు ఇంకో గోడ. పాత గోడకి అంగుళం దూరంగా మెటల్ ఫ్రేము నిలబెట్టి, లోపల రాక్‌వూల్ (రాతి నారతో చేసిన దూది లాంటిది) నింపి, పైన జిప్సం బోర్డు రెండు పొరలు, అంచుల్లో ఎండినా సాగే అకౌస్టిక్ సీలెంట్. ఫ్రేము పాత గోడకి ఎక్కడా తగలకూడదు, పనివాళ్లు గట్టిగా ఉంటుందని ఒక్క స్క్రూ ఆ గోడలోకి దింపినా అదురు దానిగుండా వచ్చేస్తుంది, దగ్గరుండి చూసుకోండి. గదిలో నాలుగైదు అంగుళాలు పోతాయి.

టీవీ ఆ గోడకే బిగించి ఉంటే ముందు దాన్ని వేరే గోడకి మార్చండి. వూఫర్ ఉంటే మాత్రం కష్టమే, బేస్ ఇంత చేసినా పూర్తిగా ఆగదు, మీరు పడుకున్నంతసేపూ దాన్ని ఆపమని ఇంట్లో చెప్పాల్సిందే.