సబ్బు నురగ రాకపోతే ఒంటి మురికి పోనట్టేనా?

ప్రశ్న: మాది రాజమండ్రి. ఏడాదిగా హైదరాబాద్ శివార్లలో అపార్ట్‌మెంటులో ఉంటున్నాం. స్నానానికి బోరు నీళ్లే. అక్కడ వాడిన సబ్బే ఇక్కడా వాడుతున్నా నురగ సరిగా రావడం లేదు. నురగ రాకపోతే మురికి పోదని మా అత్తగారు అంటారు. అందుకని రెండుసార్లు సబ్బు రాసి ప్లాస్టిక్ పీచుతో గట్టిగా రుద్దుకుంటున్నాను. మా ఎనిమిదేళ్ల బాబుకీ అలాగే చేయిస్తున్నాను. కొన్నాళ్లుగా నా పిక్కల మీద చర్మం పొడిబారి, గోటితో గీస్తే తెల్లటి గీత పడుతోంది. ఒకటే దురద. బాబుకి మోచేతి మడతల్లో ఎర్రగా కందుతోంది. నురగ బాగా వచ్చే సబ్బుకి మారమంటారా?
– ఒక సోదరి, హైదరాబాద్

జవాబు: మారొద్దమ్మా. ముందు ఆ పీచు పక్కన పడేయండి. రెండోసారి సబ్బు రాయడం ఈరోజు నుంచే ఆపేయండి. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే, ఈ ఇబ్బంది మురికి పోక వచ్చింది కాదు, అవసరానికి మించి కడగడం వల్ల వచ్చినట్టుంది. నురగ ఇంకా ఎక్కువ వచ్చే సబ్బు వాడితే దురద తగ్గకపోగా పెరగొచ్చు.

సబ్బు అణువుకి రెండు కొసలుంటాయి. ఒకటి నీటితో కలుస్తుంది, ఇంకొకటి నూనెను పట్టుకుంటుంది. ఒంటి మీది జిడ్డును, దానికి అంటుకున్న దుమ్మును, సూక్ష్మజీవులను ఇలా పట్టి విడదీస్తే, మనం పోసుకునే నీళ్లు వాటిని తీసుకుపోతాయి. ఈ పని జరిగేది చర్మాన్ని తాకే సబ్బునీటి పొరలో. పైన కనిపించే నురగ ఆ సబ్బునీటిలో చిక్కుకున్న గాలి, అంతే. సబ్బు ఒళ్లంతా సమానంగా పరుచుకోవడానికి, ఎక్కడ రాశామో ఎక్కడ రాయలేదో తెలియడానికి నురగ పనికొస్తుంది. మురికిని వదిలించేది మాత్రం అది కాదు. ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీన్ల కోసం అమ్మే పౌడరు నురగ తక్కువ వచ్చేలాగే తయారుచేస్తారు, అయినా బట్టలు శుభ్రంగానే వస్తాయి కదా. మన సున్నిపిండికి అసలు నురగే లేదు, అదీ జిడ్డు తీస్తుంది. తలకి బాగా నూనె పట్టించి అంటుకున్న రోజు గమనించండి. మొదటిసారి షాంపూ నురగ రాదు, రెండోసారి పొంగుతుంది. ఎక్కువ నూనె వదిలేది ఆ నురగ రాని మొదటిసారే. జిడ్డు తగిలితే నురగ నిలవదు.

అలాగని మీ అత్తగారి మాటను పూర్తిగా కొట్టిపారేయలేను. రాజమండ్రిలో వచ్చిన నురగ, అదే సబ్బుకి హైదరాబాద్‌లో రావడం లేదంటే కారణం నీళ్లే. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. సబ్బు వాటితో కలిసి నీటిలో కరగని తెట్టుగా మారిపోతుంది. బకెట్ అంచున గోటికి తగిలే బూడిదరంగు జిడ్డుపొర అదే. మీరు రాసే సబ్బులో కొంత ఒంటికి ఉపయోగపడకముందే ఇలా ఖర్చయిపోతోంది. కావాలంటే ఇంట్లోనే చూడొచ్చు. రెండు చిన్న సీసాలు తీసుకోండి. ఒకదాంట్లో బోరు నీళ్లు, ఇంకోదాంట్లో ఆర్వో ఫిల్టర్ నీళ్లు పోసి, రెంటిలోనూ ఒకే సబ్బు తురుము చిటికెడు వేసి గట్టిగా ఊపండి. ఫిల్టర్ సీసాలో నురగ నిలుస్తుంది. ఈ లవణాల వల్ల వచ్చే కఠినత్వం బాగా ఉంటే బోరు సీసాలో నీళ్లు పాలవిరుగుడులా తెల్లబడి ఊరుకుంటాయి. ల్యాబ్‌లో పరీక్ష చేయిస్తే అంకె కూడా తెలుస్తుంది. తాగేనీటి కఠినత్వానికి భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) పెట్టిన పరిమితి లీటరుకు 200 మిల్లీగ్రాములు, వేరే నీళ్లు దొరకనప్పుడు 600 వరకు ఒప్పుకుంటుంది.

సబ్బు కొంత వృథా అయినా రోజూ స్నానం చేసే మనిషికి మిగిలిన సబ్బు సరిపోతుంది. నన్ను ఆలోచింపజేసేది ఆ తెట్టు. అది బకెట్‌కే కాదు, చర్మానికీ అంటుకుంటుంది. మీరు రెండోసారి సబ్బు రాసినప్పుడు మురికి అదనంగా పోదు, తెట్టు అదనంగా చేరుతుంది. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనంలో, కఠినజలంతో కడిగినప్పుడు సోడియం లారిల్ సల్ఫేట్ అనే నురగ రసాయనం చర్మం మీద ఎక్కువగా మిగిలిపోయిందనీ, దానివల్ల చర్మం మండిందనీ తేలింది. ఎగ్జిమా (చర్మం పొడిబారి, ఎర్రబడి దురదపెట్టే జబ్బు) ఉన్నవాళ్లకు ఇది మరింత ఇబ్బంది. చాలా షాంపూల్లో, కొన్ని ఫేస్‌వాష్‌ల్లో నురగ కోసం వేసేది ఈ రసాయనాన్నో దీని కోవకు చెందినవాటినో. ఇక మామూలు సబ్బు పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత; 7కి పైన క్షారం, కింద ఆమ్లం) 9 నుంచి 10 దాకా ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న చర్మానిది 5 దగ్గర. రోజుకు ఇన్నిసార్లు సబ్బు తగిలి, పైన పీచు రాపిడి కూడా తోడైతే చర్మంలో తేమను ఆపి ఉంచే కొవ్వుపొర పోతుంది. మీ పిక్కల మీద పడే తెల్లగీత దానికి గుర్తే.

అందుకే మీకు సిండెట్ బార్ అని అమ్మేది వాడమంటాను. మెడికల్ షాపులో అడిగితే ఇస్తారు. అది చూడటానికి సబ్బులా ఉన్నా కృత్రిమ డిటర్జెంట్‌తో చేసింది, అసలు సబ్బు కాదు కాబట్టి బోరు నీళ్లలో తెట్టు కట్టదు, పీహెచ్ కూడా చర్మానికి దగ్గరగా ఉంటుంది. ధర కాస్త ఎక్కువే. అది కుదరకపోతే మామూలు సబ్బుల్లోనే రేపర్ చూసి కొనండి. ‘టాయిలెట్ సోప్ గ్రేడ్ 1’ అంటే టీఎఫ్ఎం (సబ్బులోని మొత్తం కొవ్వు పదార్థం) కనీసం 76 శాతం ఉండాలి. ‘బాతింగ్ బార్’ అని ఉంటే 40 శాతం ఉన్నా చాలు. యాంటీ బ్యాక్టీరియల్ అన్న మాట చూసి డబ్బు పెట్టకండి. మామూలు సబ్బు కంటే మేలని కంపెనీలు రుజువు చూపలేకపోవడంతో, ట్రైక్లోసాన్‌తో సహా 19 రసాయనాలున్న సబ్బుల అమ్మకాన్ని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ (ఎఫ్‌డీఏ) 2016లో ఆపించింది.

సబ్బు ఒళ్లంతా రాయాల్సిన అవసరం కూడా లేదు. చంకలు, గజ్జలు, పాదాలు, బాగా చెమట పట్టే చోట్ల రాస్తే చాలు. చేతులకు, కాళ్లకు, వీపుకు చాలా రోజులు ఉత్త నీళ్లే సరిపోతాయి. మరీ వేడినీళ్లు వద్దు, గోరువెచ్చగా చాలు. ఇంట్లో మంజీరా నీళ్లో గోదావరి నీళ్లో వచ్చే కుళాయి ఉంటే, చివర్లో రెండు చెంబులు ఆ నీళ్లు పోసుకోండి. తువ్వాలుతో అద్దుకుని, ఒంటి మీద తడి పూర్తిగా ఆరకముందే సువాసన లేని మాయిశ్చరైజర్ రాయండి. పెట్రోలియం జెల్లీ అయినా పరవాలేదు. బోరు నీళ్లు కాచినంత మాత్రాన కఠినత్వం అంతా పోదు. పటిక వేస్తే మట్టి తేరుకుంటుందే గానీ లవణాలు అలాగే ఉంటాయి. అపార్ట్‌మెంటు మొత్తానికి సాఫ్ట్‌నర్ పెట్టించమని అసోసియేషన్‌లో అడిగి చూడండి.

చేతుల విషయం మాత్రం వేరు. వంటకు ముందు, భోజనానికి ముందు, టాయిలెట్‌కి వెళ్లొచ్చాక నురగ వచ్చినా రాకపోయినా సబ్బుతో వేళ్ల సందులు, గోళ్ల కింద రుద్ది కనీసం 20 సెకన్లు కడగాల్సిందే. అక్కడ లెక్కలోకొచ్చేది రుద్దడం, బాగా కడుక్కోవడం.

బాబు గురించి ఒక మాట. మోచేతి మడతల్లో ఎర్రబడటం అటోపిక్ ఎగ్జిమా (అలర్జీ తత్వం ఉన్నవాళ్లకు వచ్చే రకం) కావచ్చు. ఇంట్లో ఎవరికైనా ఆస్తమా, తరచూ తుమ్ములు ఉంటే ఆ అనుమానం బలపడుతుంది. నలుగు, సున్నిపిండి కూడా ఆ మడతల దగ్గర ఇప్పుడు రుద్దొద్దు. దురద రాత్రిళ్లు ఎక్కువై, వేళ్ల సందుల్లో పొక్కులు వచ్చి, ఇంట్లో మిగతావాళ్లకీ మొదలైతే అది గజ్జి అయ్యుండొచ్చు. అప్పుడు అందరూ ఒకేసారి మందు వాడాలి. ఏదైనా సరే, షాపువాడు ఇచ్చే స్టెరాయిడ్ కలిపిన క్రీములు మాత్రం రాయకండి. రెండు రోజులు తగ్గినట్టే తగ్గి, అసలు జబ్బు ఆనవాలు పట్టలేనంతగా మారిపోతుంది. తామర ఉన్నచోట రాస్తే ఇంకా పాకుతుంది. అలా ముదిరిన కేసులు మా దగ్గరికి రోజూ వస్తూనే ఉన్నాయి.

నేను చెప్పిన మార్పులు చేసి రెండు వారాలు చూడండి. మీ పిక్కల దురద అప్పటికి చాలావరకు తగ్గాలి. బాబుకి తగ్గకపోయినా, ఆ చోట రసి కారినా ఆగొద్దు, వెంటనే చర్మవ్యాధి నిపుణులకు చూపించండి. వెళ్లేటప్పుడు ఇప్పుడు వాడుతున్న సబ్బు రేపరు, ఇదివరకు రాసిన క్రీముల ట్యూబులు ఏమైనా ఉంటే తీసుకెళ్లండి.

– చర్మవ్యాధి నిపుణులు