రేకులు వేసే ముందు ఒక మాట

చిరంజీవి మేనల్లుడికి, మావయ్య దీవెనలు.

ఇంటికి రేకులు నువ్వే వేసుకుంటానన్నావని మీ అమ్మ చెప్పింది. వేసుకో, రాని పనేం కాదు. కానీ ఒంటరిగా ఎక్కకు, గాలి ఉన్న రోజు అసలే వద్దు. పదడుగుల రేకు చేతిలో ఉంటే చిన్న గాలి కూడా మనిషిని లాగేస్తుంది.

మొదటి రేకు దగ్గర ఎంత ఆలస్యమైనా ఫర్వాలేదు. నేను తొలిసారి వేసినప్పుడు గోడ తిన్నగానే ఉందనుకుని, దాన్ని చూసి రేకు పరిచేశాను. పదో రేకుకి వచ్చేసరికి చూరు ఒక పక్క బెత్తెడు ఎక్కువ, ఇంకో పక్క బెత్తెడు తక్కువ! అన్నీ విప్పాల్సి వచ్చింది. నువ్వు మాత్రం చూరు వెంట దారం లాగి కట్టు. మూల నుంచి చూరు మీద 6 అడుగులు, వాలు మీద 8 అడుగులు గుర్తు పెట్టి ఐమూలగా కొలువు. సరిగ్గా 10 వస్తేనే మూల మట్టంగా ఉన్నట్టు.

గాలివాన ఎక్కువగా ఎటునుంచి కొడుతుందో నీకు తెలుసు కదా, దానికి అవతలి చివర మొదలుపెట్టి గాలికి ఎదురుగా వేసుకుంటూ రా. అప్పుడు పై రేకు అంచు గాలికి దొరకదు. పక్కలకి ఒకటిన్నర నుంచి రెండు అలలు (రేకు మీది మిట్టపల్లాల మడతలు) ఒకదాని మీద ఒకటి ఎక్కాలి. వాలులో రెండు రేకులు కలిసేచోట కనీసం 6 అంగుళాలు. వాలు తక్కువైతే ఇంకా పెంచు.

ఇక స్క్రూలు. రేకు దానంతట అది కారదురా, మనం పెట్టిన బొక్కలే కారతాయి. నీళ్లు పారేది పల్లంలో కాబట్టి స్క్రూ అల మిట్ట మీదే పడాలి, రబ్బరు వాషరు తప్పనిసరి. వాషరు కాస్త నొక్కుకుంటే చాలు. బలం ఉంది కదా అని బిగిస్తే రబ్బరు చితికిపోతుంది, రేకు సొట్ట పడి అక్కడే నీళ్లు నిలుస్తాయి. చూరు, కొప్పు (కప్పు పైచివర), అంచుల దగ్గర స్క్రూలు దగ్గర దగ్గరగా వెయ్యి. గాలి రేకు లేపడం మొదలుపెట్టేది అక్కడే.

రేకుని గ్రైండరుతో కొయ్యకు. ఆ వేడికి జింకు పూత కాలిపోయి అంచు తుప్పు పడుతుంది, రేకు కత్తెర వాడు. డ్రిల్లు చేసిన ఇనప పొట్టు సాయంత్రం దిగేముందు ఊడ్చెయ్. మర్నాడు చూద్దామనుకుంటే మంచుకి తడిసి కొత్త రేకు మీద ఎర్రమచ్చలు తేలతాయి.

నడిచేటప్పుడు కింద పర్లిన్ (రేకుల్ని మోసే అడ్డ దూలం) ఉన్న వరసలోనే, స్క్రూల మీదుగా అడుగు వెయ్యి. వేడికి, వాన చప్పుడుకి అడ్డంగా ఇన్సులేషన్ షీటు పెట్టే ఆలోచన ఉంటే ఇప్పుడే పెట్టు. రేకులు బిగించాక దాన్ని కింద దూర్చాలంటే నరకం.

అంతా అయ్యాక వాన కోసం ఎదురుచూడకు. పైపుతో నీళ్లు పట్టి చూడు, చూరు దగ్గర మొదలుపెట్టి మెల్లగా కొప్పు వైపుకి. ముందే కొప్పు మీద పోశావంటే ఇల్లంతా తడుస్తుంది గానీ ఏ జాయింటు కారుతోందో తెలియదు.

మీ మావయ్య